టర్న్ కోవ్ దారిలో పదమూడు నిమిషాలు

టర్న్ కోవ్, లాబ్రడార్
8 అక్టోబరు 1985, మంగళవారం

అక్కకు,

నేను బాగానే ఉన్నాను. మోకాలు పోయినేడాది ఎలా ఉందో అలాగే ఉంది. ఈ ఉత్తరం పైలట్ గిల్బర్ట్ లడ్లో జేబులో పెట్టి పంపుతున్నాను. గంటలోపే నీ చేతికి అందాలి. ఎన్ని గంటలకి అందిందో చూసి రాయి, నా అనుమానమంతా దాని గురించే.

మీ గూస్ బేకీ మా టర్న్ కోవ్‌కీ మధ్య ఆకాశంలో నూట ఇరవై ఎనిమిది మైళ్ళు. కంపెనీ టైంటేబుల్ ప్రకారం నలభై ఎనిమిది నిమిషాలు. మీ గడియారం మాకన్నా అరగంట వెనక ఉంటుంది. అది ప్రభుత్వం చేసిన పని, దానితో నాకు పేచీ లేదు. పొద్దున ఇక్కడ తొమ్మిదింటికి నేను పంపిన విమానం మీ గడియారంలో తొమ్మిదీ పద్దెనిమిదికి దిగుతోంది. నలభై ఎనిమిది నిమిషాలు, సరిపోయింది. అదే విమానం, అదే పైలట్, మీ దగ్గర పదింటికి బయలుదేరిందని నువ్వు కాగితం మీద రాసి పంపుతావు. ఇక్కడ పదకొండూ పద్దెనిమిదికి దిగాలి. దిగేది పదకొండూ ముప్ఫై ఒకటికి. మూడు వారాలుగా రాసిపెట్టుకున్నాను. ఆరుకి ఆరుసార్లూ పదమూడు నిమిషాలు ఎక్కువ.

గాలి అంటావేమో. ఈ కాలంలో మనకి గాలి పడమటినుంచి. అంటే ఇటు వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. వెనకనుంచి తోసినా ఆలస్యంగా వచ్చేవి నేను రెండే చూశాను, ఒకటి నాన్న దగ్గరుండే, మంచుబండి లాగే ముసలి కుక్క, రెండోది ఈ విమానం.

రోగం విమానంలో ఉండాలి, లేదా గిల్బర్ట్‌లో ఉండాలి. ఆ మనిషి ఈల వేస్తూ దిగుతాడు. ఆలస్యంగా వచ్చినవాడు ఈల వెయ్యడం నేనెక్కడా చూడలేదు.

శుక్రవారం కెజయా అత్త కంటి ఆపరేషన్‌కి మీ ఊరు వస్తోంది. డెబ్భై మూడేళ్ళకి మొదటిసారి విమానం ఎక్కడం. "ఏరా ఈలమ్, నిజంగా భయం ఉండదా?" అంది. "మీ వంటింట్లో కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది అత్తా" అన్నాను. మా తూకం మిషను వచ్చిన ఏడాదే పాడైంది కదా, బరువెంత అని అడిగితే అటు సముద్రం వైపు చూస్తూ నూట నలభై పౌండ్లు అంది. నూట యాభై అని రాసుకున్నాను. ఆవిడకి చెప్పలేదు. ఊళ్ళో అందరి బరువూ నాకు ఇలాగే తెలుసు.

క్రిస్మస్‌కి రమ్మన్నావు. రన్‌వే మీద మంచు తీయించేవాడు ఇక్కడ నేను తప్ప ఎవడూ లేడు. చూద్దాం.

తమ్ముడు,
ఈలమ్


గూస్ బే
11 అక్టోబరు, శుక్రవారం

ఒరేయ్ ఈలమ్,

నీ ఉత్తరం అందింది. ఎన్నింటికో చూడలేదు, కౌంటర్ ముందు పన్నెండు మంది నిలబడి ఉన్నారు. పదమూడు నిమిషాలకి ఇన్ని పేజీలా? కొండ తవ్వి ఎలుకని పట్టడం నీకు చిన్నప్పటినుంచీ అలవాటే.

అక్టోబరులో బాతులు దక్షిణానికి పోతాయి. వాటికి దారి ఇవ్వాలి. మబ్బులుంటాయి. లడ్లో గారు జాగ్రత్తగల మనిషి. నేను టికెట్లు చింపేదాన్ని, నాకేం తెలుస్తుంది.

కెజయా అత్త క్షేమంగా దిగింది. "మా వంటింట్లో ఇంత చప్పుడొస్తే ఇల్లు వదిలేసి పోయేదాన్ని, వాడితో చెప్పు" అంది. చెప్పాను.

ఇక రన్‌వే మంచు సంగతి. తొమ్మిదేళ్ళుగా రమ్మంటున్నాను. మా ఆయన విల్ఫ్ పోయినప్పుడు కూడా నువ్వు పడవలోనే వచ్చావు, సమాధి చేసిన నాలుగో రోజుకి. నలభై ఎనిమిది నిమిషాల దూరంలో ఉండి. అప్పుడు నేనేమీ అడగలేదు. ఇప్పుడూ అడగను. కానీ మర్చిపోలేదు.

అక్క డ్రుసిల్లా


టర్న్ కోవ్
12 నవంబరు, మంగళవారం పొద్దున

అక్కకు,

సంగతి తేలిపోయింది. బాతులు వెళ్ళిపోయి మూడు వారాలైంది, పదమూడు నిమిషాలు మాత్రం వెళ్ళలేదు.

పోయిన శుక్రవారం విమానం దిగినవాళ్ళని దగ్గరనుంచి చూశాను. ముగ్గురి గడ్డాల్లో బన్ను పొడి ఉంది. విమానంలో బన్నులు పెట్టరు. ఎక్కడ తిన్నారని అడిగితే ముగ్గురూ "ఈవేళ గాలి బాగా ఉందయ్యా ఈలమ్" అన్నారు. కెజయా అత్త కంటికి కట్టుతో దిగింది, ఆవిడ సంచిలోనూ ఒకటుంది. లాక్కుని తిన్నాను. మొలాసిస్ పాకం వేసిన బన్ను, అచ్చం అమ్మ చేసినట్టే ఉంది.

దీన్నిబట్టి నేను తేల్చింది ఏమిటంటే, గిల్బర్ట్ దారిలో ఎక్కడో విమానం దింపి, అందరికీ తిండి పెట్టించి తీసుకొస్తున్నాడు. మధ్యలో ఏదో ఊళ్ళో బన్నులు చేసే విధవరాలు ఉండి ఉండాలి. ఆవిడకీ ఇతగాడికీ ఏదో నడుస్తోంది. కంపెనీ పెట్రోలు, కంపెనీ విమానం.

హెడ్డాఫీసుకి ఫిర్యాదు రాశాను. విధవరాలి ముక్క రాయలేదు, రుజువు లేదు కాబట్టి. నిమిషాలు మాత్రం రాశాను. ఈ ఉత్తరమూ ఆ ఉత్తరమూ ఒకే సంచిలో వస్తున్నాయి, అదీ గిల్బర్టే మోసుకొస్తున్నాడు. పాపం అనిపించింది, కానీ పని పనే.

ఈలమ్


గూస్ బే
12 నవంబరు, మంగళవారం మధ్యాహ్నం

ఒరేయ్ ఈలమ్,

బన్నులు చేసే విధవరాలిని నేనేరా.

విమానం దారిలో ఎక్కడా దిగటం లేదు. ఇక్కడే ఆగుతోంది. సామాను ఎక్కించడం తొమ్మిదీ యాభై ఐదుకి అయిపోతుంది. పదింటికి బయలుదేరిందని నేను కాగితం మీద రాసేస్తాను. ఆ తర్వాత గిల్బర్ట్ నా కౌంటర్ దగ్గరికొచ్చి టీ తాగుతాడు. ప్రయాణికులకీ ఇస్తాను, బన్నూ ఇస్తాను, వాళ్ళు నోరు మెదపరు. పదీ పదమూడుకి విమానం లేస్తుంది. ఆలస్యమని రాస్తే హెడ్డాఫీసు కారణం అడుగుతుంది, అందుకని రాయను. రెండేళ్ళ కిందట నొప్పులు పడుతున్న ఒకావిడ కోసం ఇరవై నిమిషాలు ఆగాడని ఆయనకి ఇప్పటికే ఒక మెమో ఉంది. ఇంకొకటి వస్తే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారు. దొంగ టైము రాసినందుకు నన్నూ ఇంటికి పంపుతారు.

ఆయన ఇల్లు సముద్రం అవతల, సెయింట్ ఆంథొనీలో. పొద్దున అక్కణ్ణించి మొదలై సాయంత్రానికి అక్కడికే పోవాలి. వారానికి రెండుసార్లు, పదమూడేసి నిమిషాలు. మాకు దొరికింది అంతే. మూడేళ్ళుగా అంతే. యాభై నాలుగేళ్ళదాన్ని, నువ్వేమంటావోనని దాచాను. పైగా నువ్వు ఆయన ఈల గురించి కూడా ఫిర్యాదు చేసే మనిషివి.

మే పదిహేడున మా పెళ్ళి. చర్చిలో నా చెయ్యి పట్టుకుని నడిపించడానికి నిన్నే అడుగుదామనుకున్నాను. ఇప్పుడు పెళ్ళి ఉంటుందో, పెళ్ళికొడుక్కి ఉద్యోగం ఉంటుందో, నీ ఫిర్యాదుని అడగాలి.

ఆ సంచి విప్పి నీ కవరు తీసెయ్యమన్నాను. గిల్బర్ట్ ఒప్పుకోలేదు. టపా టపానే అన్నాడు. మీ ఇద్దరూ ఇద్దరే.

డ్రుసిల్లా


హెడ్డాఫీసు, సెయింట్ జాన్స్
13 జనవరి 1986

శ్రీ ఈలమ్ పార్డీ గారికి, ఏజెంటు, టర్న్ కోవ్.

గూస్ బే నుంచి టర్న్ కోవ్ ప్రయాణంలో పదమూడు నిమిషాల తేడా ఉన్నట్టు మీరు రాసినది పరిశీలించాము. మైళ్ళు మారలేదు కనుక నిమిషాలు మారడానికి కారణం తెలియవలసి ఉంది. మీరు పదకొండేళ్ళుగా ఏజెంటుగా ఉన్నారు. ఈ మార్గంలో లెక్కలేనన్నిసార్లు ప్రయాణించి ఉంటారు. కాబట్టి మార్చి 14న మీరే గూస్ బేలో విమానం ఎక్కి, అక్కడి కాగితంలో రాసిన బయలుదేరే సమయంనుంచి టర్న్ కోవ్‌లో దిగే వరకు గడియారం చూసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో నివేదిక పంపగలరు. దాన్నిబట్టి చర్య తీసుకుంటాము.

హెచ్. విన్సర్


టర్న్ కోవ్
21 జనవరి, మంగళవారం

అక్కకు,

విన్సర్ గారి ఉత్తరం నకలు ఇందులో పెట్టాను. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు, ఏం రాయాలో తోచలేదు. ఊళ్ళో అందరికీ తెలుసట. మూడేళ్ళుగా వాళ్ళు నీ టీ తాగొచ్చి నాకు గాలి గురించి చెబుతున్నారు. విల్ఫ్ పోయాక నువ్వు ఒంటరిగా ఉన్నావని నేను రోజూ బాధపడేవాణ్ణి. ఆ బాధలో మూడేళ్ళు వృథా అయ్యాయి. సంతోషమే అనుకో.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని రాశాను. ఒకసారి నమోదయ్యాక తీయడం కుదరదన్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది నేనే, ఒప్పుకుంటున్నాను.

అయినా అక్కా, అబద్ధం రాయలేను. పదకొండేళ్ళలో నేను రాసిన అబద్ధాలన్నీ బరువులే, అవీ జనం చెప్పినదానికి కలిపినవే. గడియారం ఎంత చూపితే అంతే రాస్తాను.

మార్చిలో మంచుబండి మీద వస్తాను. రెండు రోజులు పడుతుంది. నీకు సీల్ మాంసం తేవాలి.

ఈలమ్


గూస్ బే
7 ఫిబ్రవరి, శుక్రవారం

ఈలమ్,

ఆ రోజు కూడా మామూలుగా టీ తాగుదాం, గడియారం అరవై ఒకటే చూపిస్తుంది కదా అన్నాను గిల్బర్ట్‌తో. "ఈలమ్ చూస్తుండగా టీ తాగితే ఈలమ్ టీ అని రాస్తాడు" అన్నాడు. నిజమే. కాబట్టి ఆ రోజు టీ లేదు, బన్ను లేదు. నీ గడియారం నలభై ఎనిమిది చూపిస్తుంది. అప్పుడు మిగతా రోజుల పదమూడు నిమిషాలు ఏమయ్యాయని విన్సర్ నన్ను అడుగుతాడు. నేను చెబుతాను. అంతటితో సరి.

అది కాదు నేను అడగాలనుకున్నది. సీల్ మాంసం విమానంలో పంపొచ్చు. వారానికి రెండుసార్లు నీ ముందునుంచే విమానం వస్తుంటే, నలభై ఎనిమిది నిమిషాల దారికి రెండు రోజులు చలిలో ఎందుకు పడి వస్తావురా? నిన్న అంట్లు తోముతూ ఆలోచించాను. పదకొండేళ్ళుగా ఈ తీరంలో దిగిన ప్రతి ముఖమూ నాకు గుర్తు. నువ్వు దిగడం నేనెప్పుడూ చూడలేదు.

నువ్వు ఎప్పుడైనా విమానం ఎక్కావా?

డ్రుసిల్లా


టర్న్ కోవ్
11 ఫిబ్రవరి

అక్కకు,

ఎక్కలేదు.

ఇంకొకరికి చెప్పకు. చెబితే ఇక్కడ ఒక్కడూ నా మాట విని ఎక్కడు.

ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో, ఎవరి సంచి ఎక్కడ పెట్టాలో లెక్క వేసేది నేనే. అందరూ బరువు తగ్గించి చెబుతారు, నేను కళ్ళతో చూసి కలుపుతాను. మొదటి ఏడాది ఒకసారి నేనూ ఎక్కుదామని మెట్లదాకా వెళ్ళాను. మెట్టు మీద కాలు పెట్టగానే, ఈ లెక్కని ఎవరు సరిచూశారు అనిపించింది. ఎవరూ చూడలేదు, నేనే వేశాను. నా సంగతి నాకు తెలుసు కదా. దిగిపోయాను. కడుపులో నొప్పి అన్నాను. ఆ మరుసటి ఏడాది విల్ఫ్ పోయాడు. విమానం మూడు గంటలు నాకోసం ఆగింది అక్కా. పైలట్ వేరే మనిషి అప్పుడు. మెట్ల దగ్గర మూడు గంటలు నిలబడ్డాను, ఎక్కలేకపోయాను. తర్వాత పడవ ఎక్కాను.

నువ్వు అడగలేదు కాబట్టి చెప్పలేదు. అడిగి ఉంటే కడుపు నొప్పి అనేవాణ్ణి.

ఈలమ్


గూస్ బే
14 ఫిబ్రవరి

తమ్ముడూ,

తొమ్మిదేళ్ళు నీ మీద కోపం పెట్టుకున్నాను. మూడు గంటలు నిలబడ్డావని ఒక్క ముక్క చెప్పి ఉంటే కోపం ఆ రోజే పోయేది. నీ మొండితనంలో సగం నాకూ ఉంది, నేనూ అడగలేదు.

నువ్వు రానక్కరలేదు. జ్వరమని రాసెయ్. నేనే విన్సర్‌కి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఉద్యోగం పోతే బన్నులు అమ్ముకుంటాను, తినేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. గిల్బర్ట్ తన సంగతి తాను చూసుకుంటానన్నాడు. ఆయన విమానం తప్ప ఇంకేదీ నడపలేడు, అయినా అన్నాడు.

నీకు ఇష్టం లేని మెట్టు నాకోసం ఎక్కకు.

అక్క


టర్న్ కోవ్
15 మార్చి 1986

హెచ్. విన్సర్ గారికి, హెడ్డాఫీసు.

మీ ఆదేశం ప్రకారం నిన్న గూస్ బే నుంచి టర్న్ కోవ్‌కి ప్రయాణించాను. దూరం 128 మైళ్ళు. కాగితంలో రాసిన బయలుదేరే సమయం 10:00, అక్కడి గడియారం. దిగిన సమయం 11:31, ఇక్కడి గడియారం. అరగంట తేడా తీసివేయగా పట్టిన సమయం 61 నిమిషాలు. టీ, బన్ను వగైరాలు జరగలేదు.

వివరణ: ప్రయాణికుల్లో ఒకరు మొదటిసారి ఎక్కుతున్నందున ఆయనకి ధైర్యం చెప్పవలసి వచ్చింది. ధైర్యం చెప్పడానికి 13 నిమిషాలు పట్టింది. ఈ తీరంలో ఇలాంటివారు చాలామంది ఉన్నారు.

ఈలమ్ పార్డీ
సాక్షులు: గిల్బర్ట్ లడ్లో, పైలట్. కెజయా పై, ప్రయాణికురాలు.


టర్న్ కోవ్
18 మార్చి, మంగళవారం

అక్కకు,

నివేదిక నకలు పంపుతున్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నువ్వు కౌంటర్ వదలకూడదు కాబట్టి బయటికి రాలేదు. కిటికీ అద్దంలోంచి చూశానని గిల్బర్ట్‌తో అన్నావట, అయినా మాటలు వినపడి ఉండవు.

నువ్వు పది అని రాసి లోపలినుంచే చెయ్యి ఊపేటప్పటికి నేను తప్ప అందరూ లోపల ఉన్నారు. నేను మెట్ల కింద ఉన్నాను. మోకాలు పట్టేసిందని చెప్పాను. కళ్ళు చూపించుకుని తిరిగొస్తున్న కెజయా అత్త కిటికీలోంచి చూస్తోంది. రెండు కళ్ళూ ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి ఆవిడకి. లేచి తలుపు దగ్గరికొచ్చింది.

"ఏరా ఈలమ్, ఎక్కవేం?"

"మోకాలు అత్తా."

"మోకాలు వణుకుతుందిట్రా ఎక్కడైనా?"

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత లోపలికి తిరిగి, "వీడు ఎప్పుడూ ఎక్కలేదే!" అంది. లోపల తొమ్మిది మంది ఉన్నారు, తొమ్మిది మందికీ మొదటిసారి ధైర్యం చెప్పి ఎక్కించింది నేనే. తిడతారనుకున్నాను. ఒకడు అరిచాడు, "మీ వంటింట్లో కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుంది బాబాయ్!" ఇంకొకావిడ, "టీ చల్లారేలోగా దిగిపోతావ్!" నేను పదకొండేళ్ళుగా చెప్పిన మాటలన్నీ వరసగా నాకే చెప్పారు. ఒక్కటీ పనిచెయ్యలేదు. వీటిని నమ్మి వీళ్ళెలా ఎక్కారో నాకిప్పటికీ అర్థం కాలేదు.

గిల్బర్ట్ దిగొచ్చి నా పక్కన నిలబడ్డాడు. గడియారం చూడలేదు, తొందర పెట్టలేదు. "బరువుల కాగితం ఎవరు వేశారు?" అని అడిగాను. "మీ అక్క" అన్నాడు. "సరిచూశారా?" "చూశాను. నిన్ను నూట ఎనభై అని రాసింది." "నేను నూట అరవై ఐదని చెప్పాను." "తెలుసు" అన్నాడు.

అప్పుడు ఎక్కాను. నా గడియారంలో పదీ పదమూడు. అది చూసి నేనే ఆశ్చర్యపోయాను, ఎవరూ అనుకుని చేసింది కాదు.

దారంతా కెజయా అత్త నా చొక్కా చెయ్యి పట్టుకుంది. తనకి భయమేసి పట్టుకున్నానంది. గిల్బర్ట్ ఈల వేస్తూ నడిపాడు. ఈల వినపడుతున్నంతసేపూ అంతా బాగానే ఉందని అర్థమట. ఇది ముందే తెలిస్తే ఫిర్యాదులో ఈల గురించి ఆలోచించేవాణ్ణి కాదు.

దిగాక అటువైపు వెళ్ళి కాసేపు కక్కుకున్నాను. అది దిగిన తర్వాత కాబట్టి నివేదికలో రాయలేదు.

ఈలమ్


హెడ్డాఫీసు, సెయింట్ జాన్స్
21 ఏప్రిల్ 1986

శ్రీ ఈలమ్ పార్డీ గారికి.

మీ నివేదిక స్పష్టంగా ఉంది. మే ఒకటి నుంచి టైంటేబుల్‌లో గూస్ బే – టర్న్ కోవ్ ప్రయాణ సమయాన్ని 61 నిమిషాలుగా మారుస్తున్నాము. అందులో 13 నిమిషాలు ప్రయాణికులకు ధైర్యం చెప్పడానికి. ఆ సమయాన్ని సిబ్బంది తప్పనిసరిగా వినియోగించవలెను.

హెచ్. విన్సర్


గూస్ బే
6 మే, మంగళవారం

తమ్ముడూ,

కొత్త టైంటేబుల్ గోడకి అంటించాను. ఇప్పుడు టీ తాగకపోతే మెమో వస్తుందని గిల్బర్ట్ బెంగ పెట్టుకున్నాడు. నా పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఇంత నిజంగా పది అని ఎప్పుడూ రాయలేదు.

పెళ్ళి పదిహేడు, శనివారం. నేల మీద మంచు కరిగిపోయింది, నీ మంచుబండి మా షెడ్డులోనే ఉంది. సముద్రంలో మంచుగడ్డలు ఇంకా పోలేదు, పడవలకి దారి లేదు. నేను ఏమీ అడగటం లేదు. చర్చిలో ఒక్కదాన్నే నడవగలను, యాభై నాలుగేళ్ళుగా నడుస్తూనే ఉన్నాను. ఊరికే చెబుతున్నాను.

అక్క


టర్న్ కోవ్
13 మే, మంగళవారం

అక్కకు,

శుక్రవారం పదహారున తొమ్మిది గంటల విమానానికి నా పేరు రాసుకున్నాను. మీ గడియారంలో తొమ్మిదీ పద్దెనిమిదికి దిగాలి. ఆలస్యమైతే గాలి మీద పెట్టకు, బాతుల మీద పెట్టకు. తమ్ముడు మెట్ల దగ్గర నిలబడ్డాడని రాయి. ఎంతసేపు నిలబడినా ఈసారి పడవ దాకా వెళ్ళను.

బరువు నూట ఎనభై అని నేనే రాసుకున్నాను.

కెజయా అత్త కూడా పెళ్ళికి వస్తోంది, నా పక్క సీటే. భయం ఏమీ ఉండదురా, మా వంటింట్లో కూర్చున్నట్టే ఉంటుంది అని పొద్దుటినుంచీ నాకు చెబుతోంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా చెప్పమంటున్నాను.

తమ్ముడు,
ఈలమ్